రెండు జతల బురద టైర్లు

నవంబరు 4, మంగళవారం

వాన! ఈ చలికాలానికి మొదటి వాన! ఆరింటికి కిటికీ తెరిచి చూస్తే కొండమీది దారి నల్లగా నిగనిగలాడుతోంది. చలికి మళ్ళీ దుప్పట్లో దూరానే గానీ కాళ్ళు ఊరుకుంటేనా, పడుకునే తొక్కేస్తున్నాయి.

నిర్ణయం అయిపోయింది. ఈ ఏడు నా కొండ సైకిలుకి అసలైన బురద టైర్లు. ఇప్పుడున్నవి ఎండాకాలపు టైర్లు. వాటితో బురదలో దిగడమంటే అరికాళ్ళకి సబ్బు రాసుకుని మెట్లు దిగడమే.

ల్యాబుకి వెళ్తూ గాలి మాస్టారి దుకాణంలో ఆగాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక సైకిళ్ళ దుకాణం పెట్టిన మనిషి. ఎవరొచ్చినా ముందు బొటనవేలితో టైరు నొక్కి "గాలెక్కువైందమ్మా" అంటాడు. ఆ మాట టైరు గురించో మనిషి గురించో ఎవరికీ తెలియదు.

"చలికాలానికి టైర్లు కావాలి మాస్టారూ."

"ఎన్ని జతలు?"

"ఒకటే."

"ఒకటేనా?"

"ఒకటే అన్నానుగా!"

వంగి నా ముందు టైరు నొక్కి చూశాడు. 

నవంబరు 5

ఒకటే జత. మర్చిపోకుండా రాసుకుంటున్నాను.

నవంబరు 9, ఆదివారం

ఇవాళంతా టైర్ల చదువే. మూడు పూటలా అదే తిండి. తెలిసిందేమిటంటే, బురద టైరుకి పళ్ళు పొడుగ్గా ఉండాలి, పంటికీ పంటికీ మధ్య బోలెడంత సందుండాలి. అప్పుడే చక్రం తిరిగినప్పుడల్లా బురద రాలిపోతుంది. దగ్గరదగ్గరగా ఉంటే సందుల్లో బురద పేరుకుని టైరు నున్నటి గారెలా అయిపోతుంది. ఇక పట్టేముంది!

పదిహేనేళ్ళుగా దంతాల ల్యాబులో పళ్ళు కడుతున్నాను, ఈ సంగతి నాకు ముందే తట్టొద్దూ? ఎండ టైరుకి ఉన్నవన్నీ దవడ పళ్ళు, నమలడానికే తప్ప పట్టుకోవడానికి పనికిరావు. బురదకి కావలసింది కోరపళ్ళు!

వెడల్పు దగ్గర పీటముడి పడింది. వెడల్పు టైరు బురదమీద తేలుతుందని ఒకరు, సన్నటిదైతే బురదని కోసుకుని కిందున్న గట్టినేలని పట్టుకుంటుందని ఇంకొకరు. మన కొండమీద బురద జానెడు లోతు, దాని కింద గట్టిరాయి. కాబట్టి సన్నటిదే. రబ్బరు మెత్తగా ఉండాలి, లేకపోతే తడిసిన చెట్ల వేళ్ళమీద జారుతుంది.

పోయిన జనవరిలో వేసుకున్నవి గట్టి రబ్బరువి. దగ్గరి పళ్ళవి. తప్పంతా టైరుదే.

ఇంతలో మరిది పైకొచ్చాడు. "వదినా, మోటారు ఆపమంటోంది మీ చెల్లెలు."

"ఆపేశానని చెప్పు."

జనవరి నుంచి కింది వాటాకీ పై వాటాకీ మధ్య మాటలన్నీ ఇతని మీదుగానే. పాపం, మెట్లెక్కీ దిగీ సగమయ్యాడు. "మీరిద్దరూ కలిసిపోతే నేను లావైపోతానండీ" అంటాడు. నవ్వాను. అతను నవ్వలేదు.

"డాక్టరు సెప్టెంబరులోనే సైకిలు తొక్కొచ్చన్నాడు కదా?" అని అడిగాను.

"అన్నాడు. తను ఆ వైపే చూడటంలేదు. స్కూల్లో గ్రౌండుకీ వెళ్ళదు. ఆఫీసు గదిలో కూర్చుని యూనిఫారాల కొలతలు రాస్తోంది."

డ్రిల్లు టీచరు. నోట్లో విజిలుతో పుట్టిందని నాన్న అనేవాడు.

తప్పంతా టైరుదే.

నవంబరు 15, శనివారం

ఎంత మంచి రోజు! పొద్దున్నే కొండకి వెళ్ళి మూడు చోట్ల బురద తీసి టిఫిను డబ్బాల్లో పట్టుకొచ్చాను. చెరువుగట్టు దగ్గరిది, తుమ్మచెట్ల కిందది, గేటు దగ్గరిది. మోచేతి మలుపు దాకా వెళ్ళలేదు. టైము లేకపోయింది.

మాస్టారు పాత టైర్ల నుంచి నాలుగు రకాల ముక్కలు కోసిచ్చాడు. ఒక్కొక్క ముక్కనీ బురదలో ఇస్త్రీపెట్టెతో నొక్కి, ఎత్తి, విదిలించి, ఎంత బురద అంటుకుందో ల్యాబులోంచి తెచ్చిన బుల్లి త్రాసులో తూచాను. పింగాణీ పొడి తూచే త్రాసు! మూడో ముక్కకి దాదాపు ఏమీ అంటలేదు. చప్పట్లు కొట్టాను. ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి.

నవంబరు 17, సోమవారం

దొరికిపోయాను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, దవడ అచ్చులు తీసే మెత్తటి ముద్ద కలిపి, మూడో ముక్కని అందులో నొక్కాను. పళ్ళ లోతు కొలుద్దామని. వెనక నుంచి పెద్దాయన గొంతు.

"ఇదెవరి దవడమ్మా?"

ల్యాబు యజమాని. నలభై ఏళ్ళుగా జనాల నోళ్ళు చూస్తున్న మనిషికి అబద్ధం చెప్పడం కష్టం. ఏదో నసిగాను. ఆయన అచ్చు తీసుకుని, కళ్ళజోడు నుదుటిమీదకి తోసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

"పళ్ళమధ్య సందులు చాలా ఎక్కువున్నాయే ఈ పేషెంటుకి."

"అవే కావాలండీ."

"పైగా కోరలు. ఏం తింటాడితను?"

"బురదండీ."

ఆయన నవ్విన నవ్వుకి పక్కగదిలో యంత్రం ఆపేసి వచ్చారు. ఉద్యోగం నిలబడింది. ఆ ముద్ద మళ్ళీ వాడితే మాత్రం నా పళ్ళే పీకుతానన్నాడు.

నవంబరు 22, శనివారం

టైర్లు ఖాయం చేశాను! మూడోరకమే. సన్నటివి, మెత్తటి రబ్బరు, కోరపళ్ళు.

మాస్టారు మళ్ళీ అడిగాడు, "ఎన్ని జతలు?"

రెండు అన్నాను. నోరు ఎలా తిరిగిందో తెలియదు. స్పేరు ఉంటే మంచిదే కదా.

నవంబరు 23

బురద పందేనికి మళ్ళీ పేర్లు తీసుకుంటున్నారు. జనవరి 11. జంటలుగానే తొక్కాలి, కొండ చుట్టూ రెండు చుట్లు, ఇద్దరూ కలిసి గీత దాటాలి. రెండో పేరు రాయకపోతే ఫారం ముందుకి పోవడంలేదు.

రాశాను. ఊరికే. పేరేగా!

నవంబరు 30, ఆదివారం

వచ్చాయి!! కొత్త రబ్బరు వాసన ఇల్లంతా. రెండు టైర్లు మంచంమీద పెట్టుకుని వాటిపక్కనే కూర్చుని టీ తాగాను. నవ్వొస్తే రానీ, ఇది నా డైరీ.

చెల్లీ మరిదీ పెళ్ళికి వెళ్ళారు. మెట్లకింద గదిలోంచి రెండు సైకిళ్ళూ బయటికి లాగాను. చెల్లి సైకిలుమీద పోయిన జనవరి బురద అలాగే ఎండి ఉంది. రెండు గంటలు కడిగాను. పెడలు సందులో గడ్డిపోచ ఉంది, దాన్ని పుల్లతో తీశాను.

మాస్టారు సాయానికి వచ్చాడు. ట్యూబు లేకుండా బిగించాలి, లోపల పాలలాంటి మందు పోసి గట్టిగా గాలికొడితే టైరు అంచు రిమ్ములో "టప్పు"మని కూర్చుంటుంది. ఆ చప్పుడుకి నేను గెంతాను. నాలుగు టైర్లకీ నాలుగు టప్పులు, నాలుగు గెంతులు! తర్వాత ఆయన బొటనవేలితో నొక్కుతూ గాలి తీయించాడు. "ఇంకా తియ్యి. ఇంకా. బురదలో గాలి తక్కువుంటేనే టైరు వంగుతుందమ్మా, వంగితేనే పట్టుకుంటుంది."

వెళ్ళేముందు చెల్లి సైకిలుకి తీసిన పాత ముందు టైరు చేతిలోకి తీసుకుని చూశాడు.

"దీనికేమైందమ్మా? పళ్ళు బాగానే ఉన్నాయి. ఎండ టైరే అనుకో, కానీ నెమ్మదిగా బ్రేకు పట్టుకుని దిగితే ఇదీ దిగుతుంది."

గేటు వేసేసి లోపలికి వచ్చేశాను.

డిసెంబరు 1

మాస్టారికి చూపు తగ్గింది. అద్దాలు మార్చుకోవాలి.

డిసెంబరు 6, శనివారం

చెల్లి పైకి వచ్చింది.

మెట్టు మెట్టుకీ ఆగడం వినిపించింది. మరిదేమో అనుకున్నాను. తలుపు తీస్తే తను. చేతిలో ఫోను.

"పందెం వాళ్ళు ఫోను చేశారు. ముప్పై ఒకటో నంబరు జంటట. ఎవరక్కా ఆ జంట?"

"రెండో పేరు లేకపోతే ఫారం తీసుకోవడంలేదే, అందుకని..."

"నన్నడిగావా?"

"నీకోసమేనే! కిందకి రా, టైర్లు చూపిస్తాను. నెలరోజులు పరీక్షలు చేసి తెచ్చాను. పోయినసారి ఆ ఎండ టైర్లే కదా మనల్ని ముంచింది..."

"టైరు మాటెత్తకు."

అంత నెమ్మదిగా తను మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. మూడొందలమంది పిల్లల్ని ఒక్క కేకతో వరసలో పెట్టే గొంతు అది.

"మలుపు పైన నేను ఆగుతానన్నాను. నువ్వేమన్నావు?"

"గుర్తులేదు."

"నాకు గుర్తుంది. ఆస్పత్రిలో అందరితోనూ టైరు జారిందని చెప్పావు. అందరూ అవునన్నారు. నేనూ తలూపాను, మా అక్క కదా అని. ఇవాళ చెప్తావు, రేపు చెప్తావు అని చూస్తూ కూర్చున్నాను."

దిగి వెళ్ళిపోయింది. పట్టుకుందామని వెళ్ళాను. "నేను దిగగలను" అంది.

డిసెంబరు 7

వాన. సైకిలు తీయలేదు.

డిసెంబరు 8, సోమవారం

వెనక టైరులో గాలి తగ్గిందేమో చూడాలి.

రేపు ఆరు పళ్ళు అప్పజెప్పాలి.

సరే. రాయి. ఎవరు చదువుతారు కనుక.

మోచేతి మలుపు పైన తను ఆగింది. "నాకు భయంగా ఉందక్కా, నడిపించుకుంటూ దిగుతాను" అంది. అప్పటికి మేం మూడోస్థానంలో ఉన్నాం. వెనకాల నాలుగో జంట మాటలు వినపడుతున్నాయి. నేనన్నాను, "ఎక్కవే పిరికిదానా. బ్రేకు వెయ్యకు. వదిలెయ్యి." తను ఎక్కింది. బ్రేకు వెయ్యలేదు. వదిలేసింది.

తొడ ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. మొదట కొమ్మ అనుకున్నాను.

టైరుది కాదు. నాది.

డిసెంబరు 9, మంగళవారం

ల్యాబు నుంచి వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా కింది వాటా తలుపు కొట్టాను. మరిది తీశాడు. నా మొహం చూసి, "నేను కూరగాయలకి వెళ్ళొస్తాను" అంటూ సంచీ కూడా లేకుండా వెళ్ళిపోయాడు.

చెల్లి కుర్చీలో కూర్చుని కాలికి వ్యాయామం చేస్తోంది. నిలబడే చెప్పేశాను. ఏమన్నానో, అన్న మాట అన్నట్టుగా. "పిరికిదానా" అన్నది కూడా. "టైరు జారలేదే. నేను తోశాను, నోటితో."

తను కాలు ఎత్తుతూ లెక్కపెడుతోంది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఆపింది.

"పదిహేడు మెట్లు దిగడానికి పదకొండు నెలలు పట్టిందా ఈ మాటకి?"

ఇద్దరం ఏడ్చాం. ఎవరు ముందో గుర్తులేదు, ఈసారి నిజంగానే గుర్తులేదు.

క్షమించానని తను అనలేదు, నేనూ అడగలేదు. పందేనికి పేరు తీసేయిస్తానన్నాను. ముక్కు తుడుచుకుని, "ఏవీ ఆ టైర్లు?" అంది.

డిసెంబరు 14, ఆదివారం

తొక్కింది!! వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది! నేను పైన కిటికీ పరదా వెనక. రమ్మనలేదు కాబట్టి వెళ్ళలేదు. కోరపళ్ళు రోడ్డుమీద గుర్రుగుర్రుమని తుమ్మెదల గుంపులా చప్పుడు చేశాయి. వెళ్ళేటప్పుడు ఆ చప్పుడు వణికింది. వచ్చేటప్పుడు వణకలేదు.

మరిది వాకిట్లో నిలబడి, పోలీసు సెల్యూట్ కొట్టాడు.

డిసెంబరు 20, శనివారం

పోట్లాడుకున్నాం! ఎంత హాయిగా ఉందో! టైరు గురించి, కేవలం టైరు గురించే!

పొద్దున కొండ గేటు దాకా వెళ్ళొచ్చింది. వస్తూనే, "ముందు టైరు బంగారం. వెనకది తీసెయ్యి" అంది.

"తీసెయ్యడమేంటి? నాలుగు రకాలు తూచి మరీ ఎంచాను!"

"తూచింది నువ్వు, తొక్కేది నేను. గేటుదాకా సగం దారి రాయే కదా. ఈ వెనక టైరు నేలని పట్టుకుని వదలడంలేదు. నా కాలు ఇంకా సగం కాలేనక్కా, ఎక్కుడులో దీంతో కుస్తీపట్టే ఓపిక నాకు లేదు. వెనకాల పొట్టిపళ్ళది, తేలిగ్గా దొర్లేది కావాలి."

"మలుపులో జారితే?"

"జారితే జారనీ. వెనక చక్రం కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాను. ముందుది పట్టుకుంటే చాలు."

నెలరోజుల నా పరిశోధన! నోరు తెరిచాను. పోయినసారి తన సైకిలుకి టైర్లు ఎంచిందీ నేనే, గాలి కొట్టిందీ నేనే, మలుపులో మాట చెప్పిందీ నేనే. నోరు మూశాను. మధ్యాహ్నందాకా ఉడుక్కున్నాను, అది కూడా రాయాలి.

సాయంత్రం ఇద్దరం మాస్టారి దగ్గరికి వెళ్ళాం. తను అరగంట సేపు టైర్లన్నీ వేళ్ళతో తడిమి చూసి ఒకటి తీసింది. మాస్టారు అన్నాడు, "సరైన లెక్క. ఇది నాకూ తట్టలేదు." తర్వాత నా వంక చూసి, నా టైరు నొక్కకుండానే, "ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.

జనవరి 3, శనివారం

షరతులు చెప్పింది. ఒకటి, తనే ముందు. రెండు, నేను నోరెత్తకూడదు. మూడు, మలుపు దగ్గర ఏం చేస్తుందో తనకే తెలియదు, అడగకూడదు.

ఒప్పుకున్నాను. ఎగిరి గంతేసి మరీ ఒప్పుకున్నాను.

జనవరి 10

వాన వాన వాన! దేవుడా, అన్నం సహించడంలేదు. హెల్మెట్ పెట్టుకుని వంట చేశాను.

జనవరి 11, ఆదివారం

వేళ్ళు వంగడంలేదు, అయినా ఇవాళే రాయాలి.

నలభై రెండు జంటలు. బురద మడమలదాకా. విజిలు ఊదగానే అందరూ తేనెపట్టు కదిలినట్టు వెళ్ళారు, మేం చివర్న. చెల్లి ముందు, నేను వెనక. ఎక్కుడులో ఆ పొట్టిపళ్ళ టైరు ఎలా దొర్లిందో! కోరపళ్ళతో వెనక నేను పిండి రుబ్బుతున్నట్టు తొక్కుతుంటే, తను సగం కాలుతో ముందుకి పోయింది. ఆరు జంటల్ని దాటాం. గేటు దగ్గర మరిది గొంతు చించుకుంటున్నాడు. ఏం అరిచాడో ఎవరికీ అర్థంకాలేదు.

మోచేతి మలుపు. తను ఆగింది. చెట్ల వేళ్ళన్నీ పైకి తేలి, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. వెనక నుంచి "పక్కకి జరగండి!" అని కేకలు. నాకు నాలుక దురద. గట్టిగా కరుచుకున్నాను.

తను దిగింది. సైకిలు నడిపించుకుంటూ కిందకి వెళ్ళింది. నేనూ దిగి నడిపించాను. మేం దాటిన ఆరు జంటలూ మమ్మల్ని దాటేశాయి. కింద తను మళ్ళీ ఎక్కింది. వెనక్కి చూడలేదు. నాకు చెప్పరానంత సంతోషంగా ఉంది. ఎందుకో విడదీసి చెప్పలేను. తను ఆగుతానంది, ఆగింది, అంతే.

రెండో చుట్టు. మళ్ళీ మలుపు. ఇప్పుడు వెనకాల ఎవరూ లేరు, అందరూ వెళ్ళిపోయారు. చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. తను సీటుమీదే కూర్చుని, ఒక కాలు నేలకి ఆనించి, కిందకి చూస్తూ ఉంది. నేను ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీలుస్తున్నాను.

"అక్కా."

తలూపాను.

"నువ్వు ముందు దిగు. కింద నిలబడు. మాట్లాడకు."

దిగాను. ఎలా దిగానో తెలియదు, నా కళ్ళు దారిమీద లేవు. కింద సైకిలు చెట్టుకి ఆనించి, పైకి చూస్తూ నిలబడ్డాను. తను కనపడటంలేదు, మలుపు అడ్డం. ఎంతసేపో. వచ్చేస్తుందా, నడుస్తుందా, తిరిగి వెళ్ళిపోతుందా. ఏదైనా సరే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అప్పుడు బ్రేకుల చప్పుడు వినపడింది. కీ..చు, కీ..చు, కీ..చు. వదలకుండా, పట్టి పట్టి. మలుపులోంచి ముందు చక్రం వచ్చింది. ఒక్కొక్క పన్నూ బురదని కొరికి, పట్టుకుని, ఉమ్మేసి, మళ్ళీ కొరుకుతోంది. అడుగు తర్వాత అడుగు. నడిచేవాళ్ళకన్నా నెమ్మదిగా. తడి వేరుమీద వెనక చక్రం తోకలా పక్కకి ఊగింది. తను సర్దుకుంది. ముందుది పట్టుకునే ఉంది.

దిగేసింది.

మొహమంతా బురద. అందులో తెల్లగా పళ్ళు మాత్రం కనపడ్డాయి. పదిహేనేళ్ళుగా నేను కట్టిన పళ్ళలో ఒక్కటీ అంత బాగా లేదు. దగ్గరికొచ్చి ఆగుతుందని, కావిలించుకుందామని చేతులు చాచాను.

ఆగలేదు! నా పక్కనుంచే సర్రున వెళ్ళిపోతూ, మూడొందలమందిని వరసలో పెట్టే ఆ గొంతుతో అరిచింది:

"ఏం చూస్తున్నావక్కా? ఎక్కు!"

సైకిలుకోసం పరిగెత్తి, జారి, పడి, లేచి, ఎక్కి తొక్కాను. గీత ఇంకా రెండు కిలోమీటర్ల దూరం, మా వెనక ఎవరూ లేరు. తన వెనక చక్రం ఎగజిమ్మే బురద నా కళ్ళమీద, మూతిమీద, మెడలో పడుతూనే ఉంది. తుడుచుకోలేదు. తుడుచుకుంటే వెనకబడిపోతాను.